అటక మీది లాప్‌టాప్ దింపండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే టాటానగర్ చుట్టుపక్కల తెలుగిళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. అమ్మాయి కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంటుంది, లాప్‌టాప్ కావాలంటుంది. తండ్రి బిష్టుపూర్ వెళ్లి రెండు షాపులు తిరిగి, ధరలు విని వచ్చి, ‘బోనస్ రానీ అమ్మా, చూద్దాం’ అంటాడు. బోనస్ వచ్చేసరికి ఇంటి పైకప్పు పని అడ్డం పడుతుంది. ఆ తర్వాత సంక్రాంతికి శ్రీకాకుళం ప్రయాణం అడ్డం పడుతుంది. ఈలోగా అమ్మాయి పుస్తకంలోని ప్రోగ్రాంలు నోట్సులోకి ఎక్కించుకుని, బట్టీ పట్టి, పరీక్ష రాసేస్తుంది. తను రాసింది నడుస్తుందో లేదో ఒక్కసారి కూడా చూడకుండానే మార్కులు వచ్చేస్తాయి.

ఈ కథనం ఆ తండ్రి కోసం, ఆ అమ్మాయి కోసం. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో ‘స్లో అయిపోయింది’ అని పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఒకటి ఉంటే చాలు. దాన్ని షాపులో ఇచ్చి బాగుచేయించి తెచ్చి చేతికివ్వడం కాదు, అమ్మాయే మూత విప్పి, డిస్కు మార్చి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవాలి. ప్రోగ్రామింగ్‌లో మొదటి పాఠం అక్కడే ఉందని నా నమ్మకం.

స్టేషన్ అవతలి కరెంటు

1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు రైలు పనులకు, కార్ఖానా పనులకు ఇటు వస్తూనే ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం కట్టుకున్నది ఆ వచ్చినవాళ్లే. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, వీధిలో సంతాలీ, బెంగాలీ కూడా చెవిన పడుతూ పెరిగే పిల్లలు వీళ్లు.

పర్సుడీహ్ అనే పేట టాటానగర్ స్టేషన్‌కు దగ్గరే, కానీ టాటా కంపెనీ పట్టణానికి బయట. బయట అనేది కంప్యూటర్ విషయంలో చాలా పెద్ద మాట. కంపెనీ ప్రాంతానికి కరెంటు, నీళ్లు టాటా స్టీల్ యూఐఎస్ఎల్ ఇస్తుంది, అందరి నోటా ఇంకా పాత పేరు జుస్కోయే. పర్సుడీహ్, కరన్‌డీహ్ వైపు కరెంటు జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్‌ది. ఒకే ఊళ్లో రెండు రకాల కరెంటు. కంపెనీ ప్రాంతంలోని కదమాలో ఉండేవాళ్లు కంప్యూటర్ కొంటే ప్రాసెసర్ ఏదని అడుగుతారు. పర్సుడీహ్‌లో ముందు అడగాల్సింది, కరెంటు పోతే ఇది ఎంతసేపు నిలబడుతుందని.

అందుకే ఇక్కడ డెస్క్‌టాప్ కంటే లాప్‌టాప్‌నే ఎంచుకోమంటాను. ఆఫీసులు అమ్మేసిన పాత డెస్క్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి, గట్టిగానూ ఉంటాయి, ఆ మాట నిజం. కానీ దానికో మానిటర్, దానికో యూపీఎస్ కావాలి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్ ఇచ్చేది పది పదిహేను నిమిషాలు, దాని బ్యాటరీ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. పాత లాప్‌టాప్ బ్యాటరీ సగం చచ్చినా అరగంట ఆగితే చాలు, రాసినది దాచుకుని మూసేయడానికి అంత టైము సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే సరే, డెస్క్‌టాప్ కూడా పెట్టుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త కాల్‌బైసాఖీది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి మబ్బు కమ్మి గాలీ పిడుగులూ వచ్చినప్పుడు ఛార్జర్‌ను గోడ నుంచి పీకేయాలి. స్విచ్ కట్టేస్తే సరిపోదు, పిన్ను బయటికి రావాలి.

ఏ కీలు పనిచేస్తున్నాయో చూడండి

సెకండ్ హ్యాండ్‌లో కొనాల్సి వస్తే అమ్మేవాడు స్క్రీన్ మెరుపు చూపిస్తాడు, పాట వినిపిస్తాడు. అవి తర్వాత. ముందు కీబోర్డు చూడండి. ప్రోగ్రాం రాసేవాళ్ల వేళ్లు ఎప్పుడూ తిరిగే చోట్లు మామూలు వాడకందార్లకు పెద్దగా పట్టవు. అన్ని రకాల బ్రాకెట్లు, కోలన్, కొటేషన్ గుర్తు, అండర్‌స్కోర్, సమానం గుర్తు, ట్యాబ్, ఎడమ కుడి షిఫ్టులు రెండూ. వీటిలో ఒక్కటి మొరాయించినా అమ్మాయి రోజూ విసుక్కుంటుంది, వారానికి మానేస్తుంది. షాపులోనే ఖాళీ ఫైలు తెరిచి ప్రతి కీ నొక్కి చూడండి. తర్వాత మూత కీళ్లు వదులయ్యాయేమో, ఛార్జర్ పెట్టేచోట కదిలిస్తే కరెంటు ఆగుతోందేమో చూడండి. ఇవి పాడైతే బాగుచేయించే ఖర్చు లాప్‌టాప్ ధరను మింగేస్తుంది.

ప్రాసెసర్ విషయానికి వస్తే 2014, 2015 తర్వాత వచ్చిన ఐ3, ఐ5 ఏదైనా సరిపోతుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి, 4 జీబీ ఉన్నా పని సాగుతుంది.

మూత విప్పితే

‘స్లో అయిపోయింది’ అని పక్కన పెట్టే లాప్‌టాప్‌లలో చాలావాటికి అసలు జబ్బు ప్రాసెసర్‌లో ఉండదు, డిస్కులో ఉంటుంది. పాత హార్డ్ డిస్కులో ఒక పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటుంది, ఒక ముల్లు దాని మీద అటూ ఇటూ వెతుక్కుంటూ చదువుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు ఒకేసారి కావాలి, ముల్లు ఒక్కోదానికీ కదలాలి. అందుకే అయిదు నిమిషాల ఎదురుచూపు. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, చిప్పుల్లోంచి నేరుగా చదువుకుంటుంది. పదేళ్ల నాటి లాప్‌టాప్‌కు 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి తగిలిస్తే అర నిమిషంలో లేస్తుంది. ఈ ఒక్క మార్పు చేసే మేలు మరి దేనితోనూ రాదు.

ఈ పని అమ్మాయి చేతే చేయించండి. కావలసింది చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, ఒక తెల్ల కాగితం, మంచి వెలుతురు. లాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసేసి, ఊడివచ్చే బ్యాటరీ అయితే దాన్నీ తీసి, పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. కాగితం మీద లాప్‌టాప్ వెనక బొమ్మ గీసుకుని, ఏ మూల తీసిన స్క్రూను ఆ మూలే గుచ్చాలి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు ఉబ్బుతుంది, ఒక్కోసారి లోపలి బోర్డుకే చిల్లు పడుతుంది. మూత తీయగానే ఫ్యాను దగ్గర పేరుకున్న బూడిద రంగు దుమ్ము కనిపిస్తుంది. కార్ఖానాల ఊరు కదా, ఇక్కడి లాప్‌టాప్‌లలో ఆ పొర దట్టంగానే ఉంటుంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో ఊడ్చేయాలి. బ్యాటరీ మూతకింద ఉండే రకమైతే బోర్డు నుంచి దాని తీగను ముందుగా ఊడదీయాలి. ఆ తర్వాతే డిస్కు జోలికి వెళ్లాలి. డిస్కు పక్కకు జరిగి బయటికి వస్తుంది, కొత్తది అదే దారిలో లోపలికి వెళ్తుంది.

ర్యామ్ పెంచాలనుకుంటే పాతదాని మీది అక్షరాలు రాసుకుని షాపుకు వెళ్లండి. డీడీఆర్3ఎల్ చోట డీడీఆర్4 పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. బలవంతం చేయొద్దు. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టక్కున పడతాయి. కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అలాంటివాటికి మార్పు కుదరదు. కొనేముందే ఈ సంగతి అడగాలి.

ఇంకో లాభం ఉంది. బయటికి తీసిన పాత డిస్కులో ఇంటిల్లిపాది ఫొటోలు, పెళ్లి వీడియోలు అలాగే భద్రంగా ఉంటాయి. దానికో యూఎస్‌బీ డబ్బా కొని పెడితే అమ్మాయి రాసే ప్రోగ్రాంలకు కాపీలు దాచుకునే చోటు అదే అవుతుంది.

తండ్రులు ఇక్కడే వెనకాడతారు, ‘పాడుచేస్తుందేమో’ అని. మూలన పడి ఉన్న యంత్రమే కదా, పాడయితే పోయేదేమీ లేదు. ఈ అనుమతే కొత్త లాప్‌టాప్‌తో దొరకదు. యాభై వేలు పోసి కొన్నదాన్ని ఎవరూ విప్పనివ్వరు. దాన్ని చూస్తే పిల్లకూ భయమే.

కంప్యూటర్ పాతదైతే చదువు సాగదన్న అపనమ్మకానికి జవాబు మన తెలుగునాట్లోనే ఉంది. 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో టాటాల సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ వాళ్లు పెద్దలకు చదువు చెప్పే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. దాని వెనక ఉన్న పెద్దాయన ఎఫ్.సి. కోహ్లీ. కూలి పనులకు వెళ్లే ఆడవాళ్లు తెర మీద తెలుగు మాటల్ని బొమ్మలతో, గొంతుతో గుర్తుపట్టి చదవడం నేర్చుకునేలా సాఫ్ట్‌వేర్ రాయించారు. అక్షరమాలతో మొదలుపెట్టకుండా నేరుగా మాటలతో మొదలుపెట్టారు, దాదాపు 40 గంటల్లో పత్రిక చదివే స్థాయికి తేవాలన్నది లక్ష్యం. అది నడిచింది కంపెనీలు పక్కన పడేసే పాత 486 కంప్యూటర్ల మీద. కొత్తవి కొనాలంటే పథకం ముందుకు కదలదని కోహ్లీకి తెలుసు, పాతవాటి మీద నడిచేలాగే దాన్ని కట్టించారు. టాటాల పట్టణంలో ఉండే తెలుగువాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

అంతకుముందు 1984-85లో మన దేశపు బడుల్లో క్లాస్ పేరుతో కంప్యూటర్ చదువు మొదలైనప్పుడు పిల్లల ముందు పెట్టింది బీబీసీ మైక్రో. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇప్పుడు అటక మీద ఉన్న 8 జీబీ లాప్‌టాప్‌కు అంతకు రెండున్నర లక్షల రెట్ల పైమాటే. ఆ 32 కిలోబైట్లలోనే పిల్లలు బేసిక్ భాషలో లూపులు రాశారు, బొమ్మలు గీశారు.

పెన్‌డ్రైవ్‌లో మింట్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. 2017కు ముందు వచ్చిన ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కాబట్టి పాత లాప్‌టాప్‌కు లినక్స్ సరైన దారి. అందులో లినక్స్ మింట్ అయితే విండోస్ అలవాటున్న కళ్లకు కొత్తగా అనిపించదు. ర్యామ్ 4 జీబీయే ఉంటే అందులోనే ఎక్స్ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్సు గొడవ లేదు. ‘లినక్సా, అదెవరు వాడతారు’ అనేవాళ్లకు కేరళ ప్రభుత్వ బడులు చూపించండి, అక్కడ పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు.

మింట్ ఫైలు దాదాపు 3 జీబీ. ఫోన్ ప్యాకు రోజుకు ఒకటిన్నర, రెండు జీబీలైతే ఒక్కరోజులో దిగదు. సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి దింపుకోవాల్సి వస్తుంది కూడా. మింట్ సైటులో టొరెంట్ లింకు ఉంటుంది, దానితో దింపితే ఆగినచోటి నుంచే మర్నాడు అందుకుంటుంది. సినిమాల దొంగతనంతో పేరు పాడయింది గానీ టొరెంట్ పద్ధతిలో తప్పేమీ లేదు, ఇలాంటి పనికి అదే మేలు. దిగిన ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే చెక్‌సమ్ పద్ధతి అదే సైటులో రాసి ఉంటుంది. అరవై నాలుగు అక్షరాల ఆ గుర్తు అక్కడిదీ ఇక్కడిదీ ఒక్కటే అయితే ఫైలులో ఒక్క బిట్టు కూడా మారలేదన్నమాట. పదిహేనేళ్ల పిల్లకు ఇంతకంటే మంచి గణిత పాఠం ఆ రోజుకు అక్కర్లేదు.

8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎచర్ లాంటి ప్రోగ్రాంతో ఆ ఫైలు ఎక్కించాలి. మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తూ డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కుతూ ఉంటే దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ తెర వస్తుంది. డిస్కు మీద ఇంకా ఏమీ రాయలేదు, అంతా ర్యామ్‌లో నడుస్తోంది. వైఫై దొరుకుతోందా, సౌండు వస్తోందా, వెలుతురు తగ్గుతోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, అన్నీ చూసుకున్నాక ఇన్‌స్టాల్ నొక్కాలి. ‘ఎరేజ్ డిస్క్’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కొత్త ఎస్ఎస్‌డీ అయితే భయం లేదు. పాత డిస్కే ఉంచుకుంటే ఫొటోలన్నీ ముందుగానే బయటికి తీసి ఉండాలి. మింట్ ఎక్కడానికి ఎస్ఎస్‌డీ మీద అరగంట చాలు.

లాప్‌టాప్ అసలే లేని ఇల్లయితే? ఆండ్రాయిడ్ ఫోన్లో పైడ్రాయిడ్ 3 వేసుకుని, ఓటీజీ పిన్నుతో మామూలు కీబోర్డు తగిలించుకుంటే పైథాన్ నడుస్తుంది. మొదటి రెండు నెలల పాఠాలు దానిమీద అయిపోతాయి. కానీ చిన్న తెర, మధ్యమధ్య వచ్చే కాల్స్, రీల్స్ లాగే లాగుడు. ఇంకో దారి దొరికేదాకా మాత్రమే.

12, 15 కలిపితే 1215

లినక్స్‌లో పైథాన్ ముందే ఉంటుంది. గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన భాష ఇది. భాష తనకోసం ప్రత్యేకించుకున్న మాటలు 35 మాత్రమే, ఇంగ్లీషు బాగా రాకపోయినా ఆ 35 పట్టుబడితే పని జరుగుతుంది. ప్రోగ్రాం రాయడానికి మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి థానీ వేసుకోండి. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. ప్రోగ్రాంను ఒక్కో అడుగూ ఆపి ఆపి నడిపిస్తూ, ఏ పేరులో ఏ విలువ ఉందో పక్కనే చూపిస్తుంది. ఉద్యోగాల్లో అందరూ వాడే విజువల్ స్టూడియో కోడ్ గొప్పదే గానీ మొదటి రోజే దాన్ని తెరిస్తే నాలుగు వైపుల నుంచి సలహాలు, తనంతట తానే వాక్యం పూర్తిచేసే కృత్రిమ మేధ. నేర్చుకునే పిల్లకు మొదటి ఆరు నెలలు ఆ సాయం దూరంగా ఉంచాలని గట్టిగా చెబుతాను. తప్పు తనే చేయాలి, తప్పు ఎక్కడుందో తనే వెతకాలి. ఆ వెతుకులాటను ఇంకొకరు చేసిపెడితే చేతికి మిగిలేది జవాబు మాత్రమే.

మొదటి ప్రోగ్రాం దేని గురించి? పుస్తకాల్లో ‘హలో వరల్డ్’ ఉంటుంది, అది ఒక్క లైను, రాసేసి ముందుకు వెళ్లండి. పర్సుడీహ్‌లో హోల్‌సేల్ మార్కెట్టు ఉంది, కృషి ఉత్పాదన్ బజార్ సమితి. లారీలు దిగుతాయి, బస్తాలు లెక్క పెడతారు, తూకం వేస్తారు, హమాలీ కడతారు. అమ్మాయికి కళ్లెదుట కనిపించే లెక్క అది. ఆ లెక్కతో మొదలుపెట్టమనండి.

పొద్దున వచ్చిన బస్తాలు ఎన్ని అని అడగాలి, సాయంత్రం వచ్చినవి ఎన్ని అని అడగాలి, రెండూ కలిపి చూపించాలి. నాలుగు లైన్లు. పొద్దున 12 అని కొడుతుంది, సాయంత్రం 15 అని కొడుతుంది. తెర మీద 1215 అని వస్తుంది.

ఈ 1215 దగ్గర పిల్లను వదిలేయండి. వెంటనే చెప్పేయొద్దు. కీబోర్డు నుంచి వచ్చిందేదైనా పైథాన్‌కు అంకె కాదు, అక్షరాల వరుస. ఒకటి, రెండు అనే గుర్తుల పక్కన ఒకటి, అయిదు అనే గుర్తులు అతికించింది, అడిగింది అదే కాబట్టి. ‘ఇంట్’ అని చెప్పి అంకెగా మార్చమంటే 27 వస్తుంది. 12 అనే గుర్తు వేరు, 12 అనే సంఖ్య వేరు అన్న సంగతి ఆ ఒక్క సాయంత్రంలో ఎక్కినంతగా ఏ క్లాసులోనూ ఎక్కదు. ఆ 27 బస్తాలు, ఒక్కోటి 50 కిలోలు, కిలో పద్దెనిమిదిన్నర చొప్పున 24,975 రూపాయలని తెర మీద చూశాక తండ్రిని పిలిచి చూపిస్తుంది. తండ్రి కాగితం మీద వేసి సరిచూస్తాడు. ఆ సరిచూడటాన్నే పెద్ద కంపెనీల్లో టెస్టింగ్ అంటారు.

తర్వాత పైసల గొడవ ఎలాగూ వస్తుంది. 0.1కి 0.2 కలపమంటే పైథాన్ 0.30000000000000004 అంటుంది. యంత్రం చెడిపోలేదు. లోపల అంతా రెండింటి లెక్కలో ఉంటుంది, పదో వంతును ఆ లెక్కలో సరిగ్గా రాయడం కుదరదు, మనం మూడో వంతును దశాంశాల్లో రాయలేనట్టే. అందుకే డబ్బు లెక్కలు పైసల్లో, పూర్ణాంకాల్లో దాచుకుని చూపించేటప్పుడు రూపాయలు చేయాలి.

ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించినప్పుడు ముందు చివరి లైను చదవాలి. ఏం తప్పో అక్కడ ఉంటుంది, ఏ లైనులోనో దాని పైన ఉంటుంది. చాలామంది పిల్లలు పైనుంచి చదవడం మొదలుపెట్టి రెండో లైనుకే కంగారుపడతారు.

లెక్కలు ఇష్టపడని పిల్ల అయితే పైథాన్‌లోనే ఉండే టర్టిల్‌తో మొదలుపెట్టొచ్చు. తెర మీద ఒక తాబేలు నడుస్తుంది, నడిచిన దారంతా గీత పడుతుంది. 1967లో సీమోర్ పేపర్ట్, ఫాయిర్‌జైగ్, సింథియా సోలమన్‌లు పిల్లల కోసం చేసిన లోగో భాష నుంచి ఈ తాబేలు వచ్చింది. వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి, ఇలా నాలుగుసార్లు అంటే చతురస్రం. చతురస్రం గీసి పది డిగ్రీలు తిరుగు, ఇలా 36 సార్లు అంటే తెర నిండా విచ్చుకున్న ముగ్గు. ధనుర్మాసంలో వాకిట్లో ముగ్గేసే అమ్మమ్మకు ఆ తెర చూపిస్తే ఎన్ని చుక్కల ముగ్గని అడుగుతుంది, ఆ ప్రశ్నకు జవాబు ప్రోగ్రాంగా రాయడం మరుసటి వారం పని. ఒక్క జాగ్రత్త, ఆ ఫైలుకు టర్టిల్ అనే పేరు పెట్టొద్దు. పెడితే పైథాన్ అసలు టర్టిల్‌ను వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుని తెల్లబోతుంది.

అలాగే కొన్నాళ్లకు ఏదో కొత్త లైబ్రరీ కావాలని, లైబ్రరీలు దింపిపెట్టే పిప్‌తో తెచ్చుకోబోతే మింట్ ఒప్పుకోదు, ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని ఆపేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకు వాడుకునే పైథాన్‌ను కదిలించొద్దని చెప్పడమే అది. ప్రతి ప్రాజెక్టుకూ వేరే గది ఇచ్చే ‘వీఎన్వీ’ పద్ధతి అక్కడ నేర్చుకోవాలి. నెట్‌లో దొరికే బలవంతపు మార్గాలు వాడొద్దు.

తెలుగు ఎక్కడ?

మింట్ కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకోమంటాను, ఎందుకంటే ఈ ఊరి పిల్లకు అందులో ఒక అదనపు లాభం ఉంది. భారతీయ లిపులకు అదే అమరిక, హిందీలో క ఉన్న కీ మీదే తెలుగు క ఉంటుంది. బడికోసం హిందీ టైపు నేర్చుకుంటే తెలుగు చేతికి వచ్చేసినట్టే. పక్కింటి సంతాల్ నేస్తానికి ఓల్ చికీ వేరే అమరిక ఉంది. పండిత్ రఘునాథ్ ముర్ము తయారుచేసిన ఆ లిపి 2008లో యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు తెలుగు ఉన్నచోటల్లా అదీ ఉండగలదు.

పైథాన్‌లో వ్యాఖ్యలు తెలుగులో రాసుకోవచ్చు, విలువలకు పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. ‘బస్తాలు’ అని పేరు పెడితే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట్-కూ వే-కీ మధ్య కనిపించని ఒక గుర్తు ఉంటుంది, పొల్లును విడిగా నిలబెట్టేది, అలాంటి పేరును మాత్రం పైథాన్ ఒప్పుకోదు. ఇంకో సంగతి, లినక్స్‌లో థానీ తెర మీద ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి కనిపించవచ్చు. లోపలి అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, తెర మీద గీసే పద్ధతికి మాత్రమే ఆ లోపం. అదే ఫైలును మింట్‌లోని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే చక్కగా కనిపిస్తుంది.

అమ్మాయిని ఒకసారి తన ఊరి పేరు పొడవు పైథాన్‌ను అడగమనండి. ‘పర్సుడీహ్’లో మనకు వినిపించేవి ప, ర్సు, డీ, హ్, నాలుగు. పైథాన్ 9 అంటుంది. పొల్లును, ఉకారాన్ని, ఈకారాన్ని అన్నిటినీ విడివిడిగా లెక్క పెట్టింది. తెలుగు రాత లోపల ఎలా దాచి ఉంటుందో ఆ 9 విప్పి చెబుతుంది. మన వెతుకులాట యాప్‌లు, నిఘంటువులు, టైపు చేసే పరికరాలు రాయాల్సినవాళ్లు ఈ 9ని అర్థం చేసుకున్నవాళ్లే.

ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య మొదలుపెట్టిన స్పోకెన్ ట్యుటోరియల్స్‌లోని పది నిమిషాల పాఠాల్లో కొన్నిటికి తెలుగు గొంతు ఉంది, దింపుకుని నెట్ లేకుండా చూసుకోవచ్చు. పైథాన్ అధికారిక పుస్తకం మొత్తాన్ని కూడా ఒకసారి దింపి పెట్టుకుంటే డేటా అయిపోయిన రాత్రి పక్కనే ఉంటుంది.

ఒక విన్నపం

ఆదిత్యపూర్‌లో 1960లో పుట్టిన ఇంజనీరింగ్ కాలేజీ ఈనాటి ఎన్ఐటీ. సొంత రాష్ట్రం వాళ్లతో పాటు బయటి రాష్ట్రాలవాళ్లకూ ఎన్ఐటీల్లో సీట్లుంటాయి గనుక తెలుగు పిల్లలు అక్కడికి వస్తూనే ఉంటారు. లినక్స్ అభిమానులు ప్రపంచమంతటా చేసే పని ఒకటుంది. ఒక ఆదివారం ఒకచోట చేరి, ఎవరి పాత యంత్రం వాళ్లు తెచ్చుకుంటే పక్కన కూర్చుని ఎక్కించుకోవడం చూపిస్తారు. శ్రీరామ మందిరంలోనో, పర్సుడీహ్‌లో ఏ సంఘం హాలులోనో రెండు నెలలకోసారి అలాంటి ఆదివారం పెట్టడానికి కావలసింది నాలుగు బల్లలు, అయిదారు స్క్రూడ్రైవర్లు, ముందే మింట్ ఎక్కించిన పది పెన్‌డ్రైవ్‌లు. 3 జీబీ దింపుకోలేని ఇంటికి ఆ పెన్‌డ్రైవే పెద్ద సాయం. అన్నలు, అక్కలు ఒక్క నియమం పాటించాలి, కీబోర్డు తమ చేతిలోకి తీసుకోకూడదు. చెప్పాలి, చూడాలి, ఆగాలి.

మరి కొత్త లాప్‌టాప్ ఎప్పుడు? ఆండ్రాయిడ్ యాప్‌లు రాయాలనుకున్నప్పుడు నిజంగానే కావాలి, ఆండ్రాయిడ్ స్టూడియోకు 8 జీబీ కనీసం, 16 ఉంటేనే ఊపిరి ఆడుతుంది. మెషీన్ లెర్నింగ్‌కు వెంటనే అక్కర్లేదు, గూగుల్ కోలాబ్‌లో వాళ్ల యంత్రం మీద నడుపుకోవచ్చు, ఇక్కడ బ్రౌజర్ ఉంటే సరి. వెబ్‌సైట్లు రాయడానికి అటక మీదిదే సరిపోతుంది. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరే నాటికి రెండేళ్ల అలవాటు ఉంటుంది. తనకు ఎంత ర్యామ్ కావాలో, ఏ కీబోర్డు నచ్చుతుందో, మూత విప్పితే ర్యామ్ మార్చుకోవడానికి వీలుందో లేదో షాపులో తనే అడుగుతుంది. తండ్రి పక్కన నిలబడితే చాలు.